వాసన పోతోందని రాసిన ఉత్తరం

(ఏప్రిల్ 28, కార్మిక స్మారక దినం సందర్భంగా చేసిన ఉపన్యాస పాఠం)



స్మారకోపన్యాసం మామూలుగా ఒక పెద్దమనిషి పేరు మీద జరుగుతుంది. ఆయన ఫోటోకి దండ వేసి, ఆయన గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, తర్వాత విషయంలోకి వెళ్తారు. ఈ రోజు మనం తలుచుకుంటున్నవాళ్లకు అలా ఒక్క పేరు లేదు. పనికని ఇంట్లోంచి బయల్దేరి, పనిచేసే చోటే ప్రాణం పోగొట్టుకున్నవాళ్లందరి పేరు మీదా జరుగుతున్న ఉపన్యాసం ఇది. కెనడాలో యూనియన్లు 1984లో ఈ సంస్మరణ మొదలుపెట్టాయి. 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఏప్రిల్ 28ని పని భద్రత దినంగా ప్రపంచమంతటా పాటిస్తోంది. మన దగ్గర మే డే తెలిసినంతమందికి ఈ తేదీ తెలియదు. తెలియాలని నా కోరిక. అందుకే మీరు పిలవగానే ఒప్పుకున్నాను.

నేను ఇన్‌స్పెక్టరుగా పనిచేయలేదు. ఈ మాట ముందే చెప్పాలి. కర్మాగారాల శాఖ అనగానే అందరికీ గుర్తొచ్చేది జీపు దిగి, హెల్మెట్ పెట్టుకుని ప్లాంటంతా తిరిగే మనిషి. ఫ్యాక్టరీ గేటు దాటే అధికారం నాకెన్నడూ లేదు. ప్రధాన కార్యాలయంలో నాకొక బల్ల, దాని మీద టపా. వచ్చిన ఫిర్యాదులు చదవడం, అందులో అసలేముందో తేల్చడం, ఎవరు ఎంత తొందరగా వెళ్లాలో నోటు పెట్టడం, వెళ్లొచ్చినవాళ్ల రిపోర్టు ఆ ఫిర్యాదుకి జవాబు చెప్పిందో లేదో చూడడం. ఉమ్మడి రాష్ట్రంలో మొదలుపెట్టి రిటైరయ్యేదాకా దాదాపు ఇదే చేశాను. గుమాస్తా పనిలా కనిపిస్తుంది. కానీ ఒక మనిషి బతుకు ఆ ఇన్‌వార్డు రిజిస్టరు దగ్గరే అటో ఇటో తేలిపోవడం నేను చూశాను. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఆ కాగితం గురించే. ప్రమాదం రాకముందు దాని గురించి తెలిసినవాడు లోపల ఎవడో ఒకడు ఉంటాడు. అతని మాట మనదాకా రావాలి, వచ్చినందుకు అతను దెబ్బతినకూడదు. మన భద్రత చట్టాలన్నీ చివరికి ఈ రెండింటి మీదే నిలబడతాయని నా నమ్మకం.

ఫిర్యాదులు రకరకాలుగా వచ్చేవి. నోటుపుస్తకంలోంచి చించిన కాగితం మీద బాల్‌పెన్నుతో రాసినవి, యూనియన్ లెటర్‌హెడ్డు మీద టైపు చేసినవి, సోమవారం కలెక్టరేట్లలో ఇచ్చినవి, ముఖ్యమంత్రి కార్యాలయం నుంచి ‘తగు చర్య నిమిత్తం’ అని ముద్ర పడి వచ్చినవి, పేపరు కటింగులు. తర్వాత తర్వాత ఈమెయిళ్లు, వాట్సాప్ ఫోటోలు, గొంతు రికార్డులు. ఏ దారిన వచ్చినా కార్మికుడు రాసిన ఉత్తరంలో ఒక వరస ఉండేది. ముందు జీతం. తర్వాత పీఎఫ్, ఈఎస్ఐ. ఓవర్‌టైము డబ్బులు. క్యాంటీన్లో అన్నం బాగోదు. బాత్‌రూములు కడగరు. సూపర్‌వైజరు అమ్మానాన్నల్ని తిడతాడు. వీటన్నిటి మధ్యలో, ఎక్కడో ఏడో వాక్యమో ఎనిమిదో వాక్యమో, మనిషిని చంపే సంగతి ఒకటి. అది రాసి, మళ్లీ జీతం దగ్గరికి వచ్చి, దయచేసి మమ్మల్ని ఆదుకోండి అని ముగించేవాళ్లు.

ఎందుకలా రాస్తారని చాలా ఆలోచించాను. జీతం ఎగ్గొట్టడం అన్యాయమని అతనికి తెలుసు. ప్రమాదం మాత్రం ఆ పనిలో భాగమనుకుంటాడు. చేరిన మొదటి వారం భయపడతాడు, పక్కవాళ్లు భయపడకపోవడం చూసి తనూ మానేస్తాడు. రోజూ దాంతోనే ఉండేవాడికి అది చెప్పాల్సిన విషయంలా తోచదు. కాబట్టి ఉత్తరంలో ఏది ముఖ్యమో రాసినవాడు ఎంచి పెట్టడు, చదివేవాడే ఎంచాలి. ఆఫీసుల్లో జరిగేది దీనికి తలకిందులు. మొదటి రెండు వాక్యాలు చూసి, ‘వేతనాల విషయం, కార్మిక శాఖకు పంపడమైనది’ అని రాసి, ఫైలుని ఎల్.డిస్. చేసేస్తారు. అంటే పరిష్కారమైనట్టు లెక్క. ఏడో వాక్యం కూడా దానితో పాటే కార్మిక శాఖకు వెళ్లిపోతుంది. అక్కడివాళ్లు జీతాల రిజిస్టరు చూస్తారు, వాల్వు చూడరు.

ఒక ఉత్తరం గురించి కాస్త వివరంగా చెబుతాను. ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. పేరు, ఊరు చెప్పను, ఎందుకు చెప్పనో కాసేపట్లో మీకే తెలుస్తుంది. రెండు పేజీల ఉత్తరం, ముప్పావు వంతు కాంట్రాక్టరు మీద. మధ్యలో మూడు వరసల్లో రాసిన సంగతి ఇది. అతను పనిచేసేది వ్యర్థ జలాల శుద్ధి దగ్గర, ఈటీపీ అంటారే, అక్కడ. ఈ మధ్య రాత్రి షిఫ్టులో ఒక బ్లాకు నుంచి యాసిడ్ నీళ్లు వదులుతున్నారు. వదిలిన కాసేపటికి ట్యాంకు దగ్గర కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. తల నొప్పెడుతుంది, కళ్లు మండుతాయి. కొంతసేపటికి వాసన దానంతట అదే పోతుంది. సూపర్‌వైజరుకి చెబితే, వాసన పోయింది కదా, పని చూసుకోమన్నాడు.

కెమిస్ట్రీ చదివినవాళ్లు ఈ సభలో ఉన్నారు, వాళ్లకి ఈపాటికే గుండె ఝల్లుమని ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. సల్ఫైడ్ కలిసిన నీళ్లలో యాసిడ్ పడితే పుడుతుంది. గాలిలో అది ఒక పీపీఎం కన్నా చాలా తక్కువ ఉన్నా ముక్కు పట్టేస్తుంది. అదే 100 పీపీఎం దాటితే కొద్ది నిమిషాల్లో ముక్కు మొద్దుబారిపోతుంది. గ్యాసు అక్కడే ఉంటుంది, ఇంకా పెరుగుతూ కూడా ఉండొచ్చు, మనిషికి మాత్రం వాసన తెలియదు. 500 దాటాక మనిషి నిలబడ్డచోటే కూలిపోయే స్థితి వస్తుంది. మన ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూలు దీనికి ఎనిమిది గంటల సగటు హద్దు 10 పీపీఎం అనీ, కొద్దిసేపటి హద్దు 15 అనీ పెట్టింది. ‘వాసన పోతోంది’ అన్నది సూపర్‌వైజరుకి ఊరట. ఆ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా భయంకరమైన మాట అదే. వాసన వస్తోందని మాత్రమే రాసి ఉంటే మామూలు ప్రాధాన్యంతో పంపేవాణ్ణేమో. పోతోందని రాశాడు కాబట్టి ఆ పూటే ఫోన్లు చేశాం.

ఇన్‌స్పెక్టరు వెళ్లేసరికి రెండు వేర్వేరు బ్లాకుల నుంచి వచ్చే పైపులు ఒకే ట్యాంకులోకి దిగుతున్నాయి. ఒకదాంట్లో సల్ఫైడ్, ఇంకోదాంట్లో యాసిడ్. ఇదివరకు వేర్వేరు వేళల్లో వదిలేవాళ్లు, ఉత్పత్తి పెరిగాక ఆ ఎడం పోయింది. ట్యాంకు పక్కన గ్యాసు డిటెక్టరు ఉంది, సున్నా చూపిస్తోంది. దాని సెన్సారు గడువు ఎప్పుడో అయిపోయింది. అక్కడ ట్యాంకు మీదికి వంగి శాంపిలు తీసేది హెల్పర్లు. ఒకడు కూలిపోతే రెండోవాడు కాపాడబోతాడు, వాణ్ణి కాపాడబోయి మూడోవాడు. ఇలాంటి చావులు ఎప్పుడూ ఒక్కటితో ఆగకపోవడానికి కారణం మనుషుల మంచితనమే. పైపులు విడదీయించారు, డిటెక్టరు మార్పించారు, ఆ ట్యాంకు దగ్గరికి శ్వాస పరికరం లేకుండా పోకూడదని రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చారు. శాఖ వార్షిక నివేదికలో దీనికి చోటు లేదు. అందులో జరిగిన ప్రమాదాల పట్టికే ఉంటుంది.

‘ఈ మధ్య’ అన్న మాట ఆ ఉత్తరంలో ఉందని గమనించారా? ఫిర్యాదుల్లో నేను మొదట వెతికే మాట అదే. పదేళ్లుగా ఒకేలా నడుస్తున్నదాని కన్నా ఈ మధ్య మారినదే ఎక్కువ ముప్పు. కొత్త ప్రోడక్టు, కొత్త సాల్వెంటు, పాత ఆపరేటర్లని తీసేసి కొత్తవాళ్లని పెట్టడం, నైట్రోజన్ లైను సరిగా రాకపోవడం, ఇంటర్‌లాకు బైపాస్ చేసి నడపడం. ఆ తర్వాత వెతికేది రాత్రి. తర్వాత షట్‌డౌను, ట్యాంకు క్లీనింగు. తర్వాత కాంట్రాక్టు పిల్లలతో చేయిస్తున్నారన్న మాట. ఈ నాలుగింట్లో రెండు ఒకే వాక్యంలో కనిపిస్తే ఆ కాగితం మర్నాటికి ఉంచేది కాదని నా తర్వాత ఆ బల్ల దగ్గరికి వచ్చిన పిల్లలకి చెప్పేవాణ్ణి.

ఇక పేరు సంగతి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1947లో కార్మిక తనిఖీల మీద 81వ ఒడంబడిక చేసింది. ఫిర్యాదు ఎవరు చేశారన్నది ఇన్‌స్పెక్టరు పూర్తిగా గోప్యంగా ఉంచాలి, ఫలానా ఫిర్యాదు వల్లే తనిఖీకి వచ్చానని యజమానికి తెలియనివ్వకూడదు అని అందులో 15వ అధికరణం చెబుతుంది. మన దేశం 1949లోనే దానికి ఒప్పుకుని సంతకం పెట్టింది. మన ఫ్యాక్టరీల చట్టం అప్పటికే, 1948లో వచ్చింది. ఈ మాట మాత్రం అందులోకి ఎప్పుడు చేరిందో తెలుసా? 1987లో. సెక్షన్ 118ఎ. భోపాల్ గ్యాసు దుర్ఘటనలో వేలమంది చనిపోయాక జరిగిన సవరణలో. కార్మికుడు తన ఆరోగ్య భద్రతల గురించి నేరుగా ఇన్‌స్పెక్టరుకి చెప్పుకోవచ్చన్న సెక్షన్ 111ఎ, ముప్పు ముంచుకొస్తోందని హెచ్చరించే హక్కు ఇచ్చిన 41హెచ్, ఇవన్నీ ఆ సవరణలోనివే. ఒప్పుకున్న మాట చట్టంలోకి రావడానికి 38 ఏళ్లూ ఒక భోపాలూ పట్టాయి.

చట్టంలో ఉంటే సరిపోదు. పేరు బయటపెట్టకపోవడం చాలా మంది అనుకునేదాని కన్నా కష్టమైన పని. ఒకప్పుడు ఫిర్యాదు నకలు జతచేసి, ‘మీ రిమార్కులు పంపగలరు’ అని యాజమాన్యానికి లెటరు పెట్టేసే అలవాటు చాలా ఆఫీసుల్లో ఉండేది. సంతకం మీద తెల్లకాగితం అంటించి జిరాక్సు తీశాం కదా అనేవాళ్లు. చేతిరాత ఉంది కదా! హాజరు పుస్తకంలో సంతకాలతో పోల్చడానికి ఐదు నిమిషాలు చాలు. చేతిరాత లేకపోయినా ఈటీపీలో రాత్రి షిఫ్టు చేసేది నలుగురు. ఆ నలుగురిలో పదో తరగతి దాటినవాడు ఒకడు. ట్యాంకు వాసన గురించి రాసింది ఎవరో గేటు దగ్గరి సెక్యూరిటీ గార్డు కూడా చెప్పగలడు. ఫోటో పంపితే, అది ఏ కోణంలోంచి తీశారో చూసి, ఆ వేళ అక్కడ ఎవరి డ్యూటీయో చూస్తే అయిపోయింది. గొంతు రికార్డు అయితే ఇక చెప్పక్కర్లేదు.

అందుకని ఫిర్యాదుని ఫిర్యాదుగా పంపేవాణ్ణి కాదు. అందులోని విషయాన్ని నా మాటల్లో, నా టైపులో, తనిఖీకి చూడాల్సిన అంశాలుగా తిరగరాసేవాణ్ణి. ఈటీపీ ఒక్కటే రాస్తే తెలిసిపోతుంది కాబట్టి సాల్వెంటు యార్డు, బాయిలరు దగ్గరి దారి, అత్యవసర ద్వారాలు, సెంట్రిఫ్యూజుల ఎర్తింగు కూడా చేర్చేవాణ్ణి. ఇన్‌స్పెక్టరు అవన్నీ నిజంగానే చూడాలి, అందరితోనూ మాట్లాడాలి. ఈటీపీకి నేరుగా వెళ్లి రాత్రి షిఫ్టు వాళ్లని మాత్రమే పిలిపిస్తే, చట్టాన్ని అక్షరాలా పాటించి కూడా మనిషిని పట్టించేసినట్టే. గొంతు రికార్డు వస్తే మేమే కాగితం మీద రాసుకుని, ఆడియోని ఎవరికీ పంపేవాళ్లం కాదు. ఇలా చేస్తే పని రెండింతలు అవుతుంది. తనిఖీకి ఒక రోజు ఎక్కువ పట్టొచ్చు. ఆ రోజు ఇవ్వాల్సిందే.

పట్టుబడితే ఏమవుతుందని అడగొచ్చు మీరు. కంపెనీ రోల్స్ మీద ఉన్నవాడైతే షోకాజు నోటీసో, బదిలీయో, ఏదో ఒక కాగితం ఉంటుంది, దాని మీద పోరాడొచ్చు. కాంట్రాక్టు మనిషికి కాగితమే ఉండదు. మర్నాడు గేటు దగ్గర పాసు పనిచేయదు. కాంట్రాక్టరు ‘రేపట్నుంచి రావద్దు’ అంటాడు, అంతే. పక్క ఫ్యాక్టరీలోనూ మనుషుల్ని పెట్టేది ఆ కాంట్రాక్టరే. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాడైతే పనితో పాటు పడుకునే గదీ పోతుంది, ఎందుకంటే ఆ గదీ కాంట్రాక్టరుదే. ఈ భయం తెలిసినవాడు పేరు రాయకుండా పంపితే తప్పు పట్టగలమా?

ఆకాశరామన్న ఉత్తరాలంటే ప్రభుత్వ ఆఫీసుల్లో చులకన. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోవద్దని కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1999లో చెప్పిన మాటను అందరూ అడ్డం పెట్టుకుంటారు. అది అధికారుల మీద వచ్చే అవినీతి ఆరోపణల కోసం చెప్పింది. అక్కడ దానికి అర్థముంది, పరువు పోయాక తిరిగి రాదు. ఫ్యాక్టరీ వెనక తలుపుకి తాళం వేసి ఉందని ఎవరో రాశారనుకోండి. రాసినవాడి పేరుతో నాకేం పని? వెళ్లి చూస్తే తాళం ఉంటుంది, లేదా ఉండదు. లేకపోతే ఎవరి పరువూ పోదు, ఇన్‌స్పెక్టరుకి ఒక పూట పోతుంది. పోటీ కంపెనీవాళ్లు రాయించినవి, డబ్బు కోసం బెదిరించేవాళ్లు రాసినవి, ఒక యూనియను మీద కోపంతో ఇంకో యూనియను రాసినవి, అన్నీ నేను చదివాను. అబద్ధపు పెటిషన్లు ఎక్కువగా మనుషుల చుట్టూ తిరుగుతాయి, మేనేజరు ఎలాంటివాడో, ఎవరికి ఎంత ముట్టిందో. వాల్వు నంబరు రాసినవాడు అబద్ధం చెప్పడం నేను చూసింది చాలా తక్కువ. పైగా కోపంతో రాసినవాడు తాళం గురించి నిజమే రాయొచ్చు. ఎందుకు రాశాడన్నది తాళానికి పట్టదు.

తాళాల మాట వచ్చింది కాబట్టి బోయిగూడ గురించి చెప్పాలి. 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడలో ఒక తుక్కు గోదాములో మంటలు లేచాయి. పైన పడుకున్న బిహార్ కార్మికులు 11 మంది చనిపోయారు. దిగడానికి వాళ్లకి సరైన రెండో దారి లేదు. ఇలాంటి గోదాము గురించి ముందే ఒక కాగితం వచ్చిందనుకోండి, ఏమవుతుంది? మా దగ్గరికొస్తే ఇది ఫ్యాక్టరీ కాదంటాం. కార్మిక శాఖ అగ్నిమాపక శాఖ వైపు, అగ్నిమాపక శాఖ నగరపాలక సంస్థ వైపు, వాళ్లు విద్యుత్ శాఖ వైపు చూపిస్తారు. ప్రతి ఒక్కరూ చెప్పేది నిజమే, ఏ చట్టం తీసినా పరిధి ఉంటుంది. అయినా ప్రాణాపాయం రాసి ఉన్న కాగితాన్ని ‘మా పరిధి కాదు’ అని తిప్పి పంపడం ఘోరమనే నేను ఇప్పటికీ అంటాను. పరిధి ఎవరిదో వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లు వెళ్లారని తెలిసేదాకా ఆ ఫైలు మన బల్ల మీదే ఉండాలి. ఫైలు మూయడానికి సెక్షన్లు కావాలి, ఫోన్ చేయడానికి ఏ సెక్షనూ అక్కర్లేదు.

ఆలస్యం గురించి కూడా ఒక మాట. పాత ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 106 ప్రకారం, ఉల్లంఘన ఇన్‌స్పెక్టరుకి తెలిసిన రోజు నుంచి మూడు నెలల్లోపు కోర్టులో కేసు వేయాల్సి ఉండేది, ఆ తర్వాత కోర్టు తీసుకునేది కాదు. రాతపూర్వక ఆర్డరుని ధిక్కరిస్తే ఆరు నెలలు. టపాలో రెండు వారాలు, నోటు ఫైలులో మూడు వారాలు, రిమార్కుల కోసం నెల గడిస్తే ఆ గడువులో చాలా భాగం గడిచినట్టే.

మరోవైపు వాదన కూడా ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయను. చిన్న పరిశ్రమలవాళ్లు ఎప్పుడూ అనేది, ఫిర్యాదు పేరు చెప్పి ఇన్‌స్పెక్టర్లు వచ్చి వేధిస్తారని, చేయి తడపమంటారని. అది కట్టుకథ కాదు, జరిగింది. దానికి మందుగా కంప్యూటరు ఎంపిక చేసిన ఫ్యాక్టరీలకే తనిఖీ అన్న పద్ధతి వచ్చింది. ఫిర్యాదు మీద వెళ్లాలంటే పై అధికారి అనుమతి కావాలన్నది చాలా చోట్ల వచ్చింది. అనుమతి మంచిదే, ఇన్‌స్పెక్టరు సొంతంగా ఫిర్యాదు పుట్టించుకోకుండా ఉంటుంది. ప్రతి ఫిర్యాదుకీ నంబరు, వచ్చిన గంట, చదివినవాడి పేరు, వెళ్లమన్నవాడి పేరు ఉంటే వేధింపు చాలావరకు ఆగుతుంది. కానీ ఆ అనుమతి గంటల్లో రావాలి, వారాల్లో కాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కంప్యూటరు లాటరీ కోసం ఆగదు.

భోపాల్ అన్నాను కదా. ఆ రాత్రి 1984 డిసెంబరు 2-3. దానికి మూడేళ్ల ముందు, 1981 డిసెంబరులో, అదే ప్లాంటులో ఫాస్జీన్ సోకి ఒక కార్మికుడు చనిపోయాడు. 1982లో ఆ ఊరి జర్నలిస్టు రాజ్‌కుమార్ కేస్వానీ తన చిన్న పత్రికలో వరసగా రాశాడు, ఈ ఫ్యాక్టరీ ఊరిని ముంచుతుందని. లోపలివాళ్లకి తెలుసు. బయట రాసినవాడూ ఉన్నాడు. చదివి కదలాల్సిన బల్ల కదల్లేదు. ఢాకా దగ్గర రానా ప్లాజా 2013 ఏప్రిల్ 24న కూలింది, 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. పై అంతస్తుల్లో కుట్టుపని చేసే ఆడపిల్లల్ని మాత్రం రమ్మన్నారు, రాకపోతే జీతం కోత అన్నారు. పగులు అందరికీ ఒకటే. భయపడి ఇంట్లో ఉండగలిగే స్తోమత మాత్రం అందరికీ లేదు.

విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో 2020 మే 7న ఒక ఫ్యాక్టరీ ట్యాంకులోంచి వచ్చిన స్టైరీన్ ఆవిరికి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగునే ఉందని, పైన వేడెక్కుతున్న సంగతి తెలిసే ఏర్పాటు లేదని తేల్చింది. ఇది నన్ను చాలా కలవరపెట్టిన వాక్యం. ఎందుకంటే నా వృత్తి అంతా కాగితాలు చదవడమే. అడుగున అంకె మామూలుగా ఉంటే కాగితం మీద ట్యాంకు మామూలుగానే ఉంటుంది. అలాంటి చోట రికార్డు చూసి ఫిర్యాదుని కొట్టేయకూడదు, ఫిర్యాదు చూసి రికార్డుని అనుమానించాలి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో సాల్వెంటు ఆవిరి అంటుకుని 17 మంది పోయారు. 2025 జూన్ 30న పాశమైలారం ఫ్యాక్టరీ పేలుడులో యాభై మందికి పైగా. అక్కడ చనిపోయిన ఒక కార్మికుడి కుటుంబం పోలీసులకిచ్చిన ఫిర్యాదులో, యంత్రాలు పాతబడ్డాయని పైవాళ్లకి చెప్పినా వినలేదన్న ఆరోపణ ఉంది. అది నిజమో కాదో తేల్చాల్సింది కోర్టు. కానీ ఆ ఆరోపణ చేరిన తేదీ ప్రమాదం జరిగాకది. ముందే చేరే దారి ఒకటి ఉండి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

ఆ దారి గురించే ఇప్పుడు నాకు దిగులుంది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి ఫ్యాక్టరీల చట్టం స్థానంలో అమల్లోకి వచ్చింది. ఇన్‌స్పెక్టరు పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయింది. విద్యుత్తుతో నడిచే ఫ్యాక్టరీ అనిపించుకోవడానికి పదిమంది చాలేది, ఇప్పుడు ఇరవై మంది ఉండాలి. కోడ్‌లో మంచి కూడా ఉంది, నేనిక్కడ చెప్పేది సెక్షన్ 14 గురించి మాత్రమే. పాత 111ఎ ప్రకారం కార్మికుడు తన భద్రత గురించి నేరుగా ఇన్‌స్పెక్టరుకి చెప్పుకునే వీలుండేది. కొత్త సెక్షన్ ప్రకారం ముందు యజమానికి చెప్పాలి, నేరుగానో భద్రతా కమిటీ సభ్యుడి ద్వారానో. తృప్తిపడకపోతే అప్పుడు అధికారికి. ముప్పు ముంచుకొస్తుంటే మాత్రం యజమానికీ అధికారికీ ఒకేసారి చెప్పొచ్చు.

చదవడానికి సబబుగానే ఉంటుంది. ఇంట్లో సంగతి ముందు ఇంట్లో మాట్లాడుకోవాలన్నట్టు. మంచి యాజమాన్యం ఉన్నచోట జరిగేదీ అదే, అక్కడ మాకు ఫిర్యాదులే వచ్చేవి కావు. కానీ ముందు యజమానికి చెప్పినవాడి పేరు ఆ తర్వాత ఎవరు దాచగలరు? నిన్న ఒకడు ట్యాంకు గురించి సూపర్‌వైజరుతో మాట్లాడాడు, ఇవాళ ట్యాంకు చూడ్డానికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఇంకేం కావాలి? అమెరికాలో భద్రత సంస్థ ఓషాకి కార్మికుడు నేరుగా రాసుకోవచ్చు, సంతకంతో రాసి పేరు మాత్రం యజమానికి చెప్పవద్దని అడగొచ్చు. మనం 38 ఏళ్ల తర్వాత తెచ్చుకున్నదాన్ని నిలుపుకోవాలి. రాష్ట్రాలు నిబంధనలు రాసుకునేటప్పుడు మూడు సంగతులు రాయాలని నా విన్నపం. కార్మికుడి తరఫున యూనియను, లేదా ఏ మూడో మనిషైనా ఫిర్యాదు పంపొచ్చనీ, అలాంటిదాన్ని తోసిపుచ్చకూడదనీ. ముందు యజమానికి చెప్పలేదన్న కారణంతో ఏ ఫిర్యాదునీ తిప్పి పంపకూడదనీ. మనిషి చావగల ముప్పేదైనా సెక్షన్ 14లోని ముంచుకొచ్చే ముప్పుగానే లెక్కించాలనీ. ఈటీపీ ఉత్తరం రాసినవాడు ముప్పు ముంచుకొస్తోందని రాయలేదు. వాసన పోతోందని రాశాడు. ముప్పు ఎంత దగ్గరగా ఉందో తేల్చే భారం అతని మీద పెట్టకూడదు.

నిబంధనలు వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. ఈ సభలో యూనియన్ల వాళ్లున్నారు, వాళ్లనుద్దేశించి చెబుతున్నాను. జీతాల సంగతి ఒక కాగితం మీద, ప్రమాదం సంగతి ఇంకో కాగితం మీద రాయించండి, రెండూ కలపొద్దు. ఏ బ్లాకు, ఏ ట్యాంకు లేదా ఏ యంత్రం, ఏ షిఫ్టు, ఎన్నాళ్లుగా, అంతకుముందు ఎలా ఉండేది, ఏం మారింది. ఒంట్లో ఏమనిపించిందో రాయించండి, వాసన, మంట, తల తిరగడం, అది ఎంతసేపు ఉందో కూడా. ‘భద్రత లేదు’ అన్న వాక్యం వంద చోట్ల చదివాను, దాంతో ఏ ఇన్‌స్పెక్టరూ ఏమీ చేయలేడు. ఫోటో తీసేముందు ఎక్కడ నిలబడుతున్నారో చూసుకోమనండి. మీ లెటరు మీద మీ సంతకంతో పంపండి, అతని పేరు మీ దగ్గరే ఉంచండి. ఇన్‌వార్డు నంబరు తీసుకుని రెండో రోజు ఫోన్ చేసి ఎవరికి వెళ్లిందో అడగండి, అడిగిన ఫైలే కదులుతుంది. ఆ క్షణానే ప్రాణం మీదికి వస్తుంటే ఉత్తరాలొద్దు, అందర్నీ బయటికి తీసుకొచ్చి 112కి ఫోన్ చేయమనండి.

ఇదంతా చేయాలంటే షిఫ్టు దిగే వేళకి పారిశ్రామికవాడ దగ్గర ఒక గది, తెలుగు, హిందీ, ఒడియా రాయగల ఒకరిద్దరు మనుషులు కావాలి. పటాన్‌చెరు వైపు మీరు మొదలుపెడితే వారంలో ఒక సాయంత్రం నేను వచ్చి కూర్చుంటాను. నాకు ఒడియా రాదు, ఆ భాష వచ్చినవాళ్లు ఎవరైనా తోడుంటే చాలు. ఆసక్తి ఉన్నవాళ్లు సభ అయ్యాక ఆగండి, రోజూ వేళా ఇక్కడే అనుకుందాం.